బోండాకు ముందు సంతకం

కమిటీ మెంబరంటే జెండా కట్టిన కారెక్కి తిరగతారని నమ్మిన వయసొకటి ఉండింది నాకు. మరీ చిన్నప్పుడేం కాదులెండి, నాలుగైదేండ్ల కిందటి మాటే, అప్పటికి ఇరవై రెండు నిండినాయి. పుత్తూరులో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్లూములు, వాటికి దారం కండెలు చుట్టేది నా పని. పదో తరగతి పాసైనాను (రెండో తూరికి, లెక్కల వల్ల). పుట్టినప్పటి నుంచి ఎడమ కాలు కుడికాలు కంటే పొట్టి, కర్ర పట్టుకోని నడుస్తా. మా ఊరి సంగతి మీకు తెలిసే ఉంటాది. ఎవరు కాలిరగ్గొట్టుకున్నా, చెయ్యిరగ్గొట్టుకున్నా కట్టు కట్టించుకోడానికి మా పక్కకే పరిగెత్తుకోని వస్తారు (కాలిరిగినోళ్లు పరిగెత్తరు, మోసుకోని వస్తారు). నేను బస్సెక్కితే చాలు, పక్కన కూర్చున్న పెద్దమ్మ మొదలు పెడతాది. "యా ఊరు పాపా?" "పుత్తూరు." "అయ్యో, పుత్తూర్లో పెట్టుకోని కట్టు కట్టించుకోలేదా?" ఇన్నేండ్లుగా ఇదే ప్రశ్న, నేను కూడా ఇదే నగు నగతా ఉండా. అట్లాంటి ఊర్లో ఉండి, కాలు బాగలేదని సర్కారు సర్టిఫికెట్ కావాలంటే మాత్రం మేము తిరుపతికే పోవాల. ఆ డాక్టర్ల క్యాంపు ఆడ తప్ప యాడా పెట్టరు.

మా చిన్నమ్మకు కుడిచేతి మూడు వేళ్లు మగ్గంలో పోయినాయి. ఆ సర్టిఫికెట్ లేకుంటే పింఛను రాదు. తెల్లారకముందే లేచి, సద్దికూడు కట్టుకోని, మూడు తూర్లు తిరుపతికి పోయింది. మూడు తూర్లూ ఆయమ్మ వరస వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్లిపోయినాడు. నాలుగో తూరి పొమ్మంటే, "లేని వేళ్లు చూపించేదానికి ఎన్ని తూర్లు పోవాల మే? వచ్చి చూసుకోమను" అనేసింది. అప్పటి నుంచి నాకు అదే పట్టుదల. పుత్తూరులో క్యాంపు పెట్టించాల, చిన్నమ్మ నడిచిపోయి చెయ్యి చూపించి రావాల.

అదే టైములో తిరుపతిలో ఒక ఆఫీసులో దివ్యాంగుల కోసమని ముందు నుంచీ ఉండే సలహా కమిటీలో ఒక చోటు ఖాళీ అయింది. మొత్తం పది మంది. ఆఫీసర్లు, మాలాంటోళ్లు కలిసి ఉండాలంట, అందులో ఒక ఆడమనిషి కూడా ఉండి తీరాలని రూలంట. మా పక్క నుంచి అప్లికేషన్ పెట్టిన ఆడమనిషి నేనొక్కదాన్నే. అందుకని వచ్చిందే గానీ నా తెలివి చూసి ఎవరూ ఇయ్యలేదు. ఆర్డరు కాయితం వచ్చిన రోజు మా నాయన దాన్ని పసుపు పెట్టి దేవుడి పటం ముందర పెట్టినాడు. నేను మా వీధిలో ప్రతి గడపకూ పోయి, "క్యాంపు పెట్టిస్తాను చూడండి" అని చెప్పేసి వచ్చినాను. (ఇంకా ఆఫీసు గడపే తొక్కలేదు, అప్పుడే.)

నా మొదటి మీటింగుకు పట్టుచీర కట్టుకోని పోయినాను. మా ఇంట్లో నేసినదే, ఎర్రంచు. పోయి చూస్తే మీటింగు హాలు మిద్దె పైన ఉండాది, లిఫ్టు లేదు. కింద మెట్ల పక్కన బైకులు నిలిపే చోట మూడు కుర్చీలు వేసినారు. అవి మాకు. తడ నుంచి వచ్చిన ఒకన్న, ఆయనకు రెండు కాళ్లూ లేవు, మూడు చక్రాల బండిలో వస్తాడు, ఊర్లో పంచర్ల అంగడి పెట్టుకోనుండాడు, ఆయనకు కుర్చీతో పని లేదు, అయినా వేసినారు. ఇంకోరు పాకాల మేస్ట్రు. చూపు లేదు, గొంతు మాత్రం రైల్వే స్టేషన్ మైకు లాగా ఉంటాది. కొంచేపటికి అటెండరక్క ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో బోండాల తట్ట పట్టుకోని దిగింది. ఆడ పద్ధతేమంటే, సంతకం పెడితేనే బోండా. సంతకం పెట్టినాం, బోండా తిన్నాం, టీ తాగినాం. "ఇంక పోవచ్చు" అనింది అక్క. "మరి మీటింగు?" అన్నాను. "పైన అయిపోతా ఉండాది గదమ్మా" అనింది. నేను కూడా సరే, పెద్దోళ్లు పైన మాట్లాడుకుంటా ఉండారు, మన సంగతి వాళ్లకు తెలీదా అనుకోని, పట్టుచీర మీద పడిన చట్నీ తుడుచుకుంటా ఇంటికొచ్చినాను. ఎట్లయిందని చిన్నమ్మ అడిగితే, "అంతా అయిపోయింది" అన్నాను. మా వీధిలో నలుగురికి టీ కూడా పోయించినాను.

నెల తర్వాత పోస్టులో కాయితాలొచ్చినాయి. ఆ మీటింగులో ఏమేమి మాట్లాడినారో రాసిన మినిట్స్ అంట. చిన్నమ్మ అందర్నీ పిలిచి, "చదువు పాపా, గట్టిగా చదువు" అనింది. నేను అరుగు మీద నిలబడి, గొంతు సవరించుకోని చదివినాను. "సభ్యులందరూ కూలంకషంగా చర్చించి, ప్రస్తుతం తిరుపతిలో జరుగుతున్న క్యాంపు అన్ని ప్రాంతాల వారికీ సరిపోతున్నదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." కింద సంతకాలు. మూడోది నాది, గుండ్రంగా, ముద్దుగా ఉండాది. చిన్నమ్మ నన్ను చూసి, "నీకేమి పెట్టి సంతకం చేయించుకున్నారు మే?" అనింది. "బోండా" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా టైము దొరకలేదు.

ఆ పొద్దు నుంచి మా వీధిలో నా పేరు బోండా మెంబరు. కండెలు చుట్టేటప్పుడు, నీళ్లు పట్టేటప్పుడు, యాడ చూసినా అదే. ఏడ్చినాను కూడా, దాచేదేముంది. మూడో రోజు ఏడుపు ఆగి కోపం వచ్చింది. పాకాల మేస్ట్రుకు ఫోన్ చేసినాను. ఆయన కమిటీ రూల్సన్నీ ఎవరి చేతనో చదివించుకోని నోటికి పట్టినాడంట. "పాపా, ఈ కమిటీకి ఒక ప్రాణం ఉండాది, దాన్ని కోరం అంటారు. పదిమందిలో ఆరుగురుంటేనే మీటింగు. పైన ఆఫీసర్లు నలుగురికి మించి ఎప్పుడూ రారు. మన సంతకాలు కలిస్తేనే ఆ నలుగురూ ఏడుగురైతారు" అన్నాడు. నాకు అప్పుడర్థమైంది. మేము తింటా ఉండింది బోండా కాదు, కోరం.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు గమ్మునున్నారు మేస్ట్రూ?" అన్నాను. "ఒక్కడినే అరిస్తే గుడ్డోడు అరుస్తా ఉండాడంటారు. ముగ్గురైతే కమిటీ అంటారు" అన్నాడు.

రెండో మీటింగుకు పట్టుచీర కట్టలేదు. పాత వాయిల్ చీర, పొద్దున్నే రెండు ఇడ్లీలు జాస్తిగా తినేసి పోయినాను, బోండాకు లొంగకుండా ఉండేదానికి. తడ అన్నకు ముందే చెప్పినాం, సంతకం పెట్టొద్దని. ఆయన సరేనన్నాడు గానీ, అటెండరక్క తట్ట మీద గుడ్డ తీసేసరికి ముక్కు పైకెత్తినాడు. "వేడిగా ఉండాయే" అన్నాడు. "అన్నా!" అన్నాను. "వాసన చూస్తే కూడా సంతకం పెట్టాల్నా?" అన్నాడు పాపం. తెల్లారక ముందు తడలో బయల్దేరి, బస్సు పైకి బండినెక్కించేదానికి ఇద్దరి కాళ్లు పట్టుకోని వచ్చిన మనిషి.

అక్క ఖాళీ రిజిస్టరుతో పైకి పోయింది. రెండు నిమిషాలకు సూపరింటెండెంట్ సారు దిగినాడు. చంకలో ఎప్పుడూ ఫైలుంటాది, మేము ఫైలు సారు అంటాం. "ఏం పాపా, అలిగినావంట? సంతకం పెట్టమ్మా, మీ మంచికే చెప్తా ఉండా. మూడు మీటింగులు వరసగా రాకపోతే మెంబరుగా తీసేస్తారు. రూలు." మా నాయన పసుపు పెట్టిన కాయితం గుర్తొచ్చింది. మేస్ట్రు నిదానంగా, "సారూ, ఆ రూలు నాకు తెలుసు. దానికి ముందర ఇంకొకటుండాది, ఆరుగురుంటేనే అని. అది మీకు తెలుసు" అన్నాడు. బైకులు తీసుకుంటా ఉండినోళ్లు కూడా తలకాయ తిప్పి చూసినారు, ఆ గొంతట్లాంటిది.

ఫైలు సారు పైకి పోయినాడు. మళ్లీ దిగినాడు. మళ్లీ పోయినాడు. మూడో తూరి దిగేసరికి మోకాలు పట్టుకోని మెట్ల కమ్మీకి ఆనుకున్నాడు. "సారూ, మా ఊరికి రండి, మంచి కట్టు కట్టిస్తాం" అన్నాను. నోరు నాది, ఆగదు. ఆయనకు నగవొచ్చింది గానీ మింగేసినాడు. వంగి, గొంతు తగ్గించి, "చూడు పాపా. పైన నలుగురుండారు. నువ్వూ మేస్ట్రూ మెట్లెక్కగలరు గదా. ఇద్దరూ పైకి రండి, ఆరుగురైతారు. మీ పుత్తూరు క్యాంపు సంగతి మొదట రాపిస్తా, నా మాట. మీటింగు నడిపే పెద్ద మేడం ఒంటిగంటకల్లా తిరుమలకు పోవాల, ఎవరో పెద్దాయన దర్శనానికి వస్తా ఉండాడు. ఆయమ్మ పోతే ఇంక మూడు నెలల వరకు మీటింగు లేదు" అన్నాడు.

నిజం చెప్పాల గదా. నేను లేచినాను. కర్ర పట్టుకోని మొదటి మెట్టు మీద కాలు పెట్టినాను. నా కండ్ల ముందర చిన్నమ్మ చెయ్యే ఉండింది. మూడు నెలలంటే ఆయమ్మకు మూడు పింఛన్లు. తడ అన్న, "పోమ్మా పో, నాకేమి, ఈడ గాలి బాగా వస్తాది" అని అటు తిరిగి బండి చక్రం తుడుచుకుంటా ఉండాడు. ఆ చక్రం శుభ్రంగానే ఉండాది. తుడిచేదానికి ఏమీ లేదు. మేస్ట్రు కుర్చీలో నుంచి కదల్లేదు, నా కర్ర చప్పుడు వింటా ఉండాడు. ఒక్క మెట్టే, ఎక్కింది ఎంతసేపు, దిగేదానికి మాత్రం సిగ్గుతో చచ్చినాను. దిగి వచ్చి కుర్చీలో కూర్చోని, "సారూ, ఈ అన్న చెప్పాల్సింది ఆయన నోటితోనే చెప్పాల. ఆయన పైకి రాలేడు, మీరు కిందికి రాగలరు" అన్నాను.

అంతలో పైనుంచి చెప్పుల చప్పుడు. మేడం దిగతా ఉండాది, చేతిలో కారు తాళం, వెనక ముగ్గురు ఆఫీసర్లు. "ఏమైంది? మెంబర్లు ఇంకా రాలేదా?" అనింది. అటెండరక్క, అన్నేండ్లుగా ఆఫీసర్ల ముందర నోరు తెరవని మనిషి, "వచ్చినారు మేడం, ప్రతి తూరీ వస్తారు, ఈడే కూర్చుంటారు" అనింది. మేడం మమ్మల్ని, మూడు కుర్చీల్ని, బైకుల్ని చూసింది. "సంతకం పెట్టి వెళ్లిపోతామని మీరే అంటారని చెప్పినారే నాకు" అనింది. ఫైలు సారు ఫైలు తెరిచి దాంట్లో ఏదో వెతకడం మొదలు పెట్టినాడు. మేడం టైము చూసుకోనింది. అక్క కూర్చునే స్టూలు లాక్కోని మా ఎదురుగా కూర్చోని, "ఆరుగురు చాలు గదా, ఏడుగురమే ఉన్నాం. మొదలు పెట్టండి" అనింది.

అట్లా పైనుంచి కుర్చీలు దించి, మెట్ల కింద మీటింగు జరిపినారు. పనుల మీద వచ్చినోళ్లు కూడా చుట్టూ చేరినారు. ఒకవ్వ ముందుకొచ్చి తన రేషను కార్డు మేడం చేతిలో పెట్టేసింది. ఎవరో "బండి తీసుకోవాల, రవ్వంత జరగండి" అంటే ఆఫీసర్లందరూ లేచి కుర్చీలు జరిపినారు. తడ అన్న తన వంతు వచ్చినప్పుడు బస్సులో బండి ఎక్కించేదాని గురించి ఎంత బాగా చెప్పినాడంటే, ఆయన నవ్వుతా నవ్వుతానే చెప్పినా వినేవాళ్లకు నవ్వు రాలేదు. నా వంతొచ్చింది. రాత్రంతా అద్దం ముందర చెప్పుకున్న ప్రసంగం ఒక్క ముక్క గుర్తు రాలేదు. కట్టు సంగతి, చిన్నమ్మ సద్దికూడు, లేచిపోయిన డాక్టరు, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసి, చివర్లో "అంతే మేడం, నన్ను బోండా మెంబరంటా ఉండారు" అని ఏడ్చేసినాను. మేడం నవ్వలేదు. "రాసుకోండి" అనింది. "రాసింది చదివి వినిపించినాకే సంతకం" అన్నాను, ముక్కు తుడుచుకుంటా. ఫైలు సారు రాసి చదివినాడు: పుత్తూరులో క్యాంపు పెట్టవలెనని. కూలంకషం లేదు, ఏమీ లేదు. అప్పుడు పెట్టినాను సంతకం. బోండాలు చల్లగా అయిపోయినాయి, అయినా తడ అన్న మూడు తిన్నాడు.

లేచేటప్పుడు మేడం ఒక మాట చెప్పింది. "అమ్మా, ఇది సలహా కమిటీ. మనం రాసి పైకి పంపిస్తాం, అంతే. ఇచ్చేది ఇంకొకరు." ఇంత చేసి సలహానా! బయటికొచ్చినాక మేస్ట్రు, "పోయినసారి మన పేరు మీద తప్పుడు సలహా పోయింది గదా పాపా. ఈసారి మనదే పోయింది" అన్నాడు. అదేమి ఓదార్పో అప్పుడర్థం కాలేదు.

క్యాంపు ఏడు నెలలకు వచ్చింది, పుత్తూరులో, ఒక స్కూల్లో. చిన్నమ్మ కొత్త చీర కట్టుకోని నడిచిపోయి, చెయ్యి చూపించి, మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. వచ్చీ రాకముందే మొదలు పెట్టింది. "అంతమంది ఎండలో నిలబడుండారు, కూర్చునేదానికి బెంచీ కూడా లేదే. నీ కమిటీలో చెప్పు మే." ఇప్పుడు నా మెంబరు గడువు అయిపోయింది, మూడేండ్లే ఇస్తారు, నా చోట్లో ఎవరో కొత్త పాప వచ్చిందంట. అయినా మా వీధోళ్లు ఏది కావాలన్నా నా దగ్గరికే వస్తారు. అప్పటి నేను, ఆ పట్టుచీర పిల్లయితే "చేయిస్తాను చూడండి" అని అందరికీ టీ పోయించేది. నేనిప్పుడు కండె పక్కన పెట్టి, తెల్లకాయితం తీసి, "రాసి పంపిస్తాను, రాసింది మీకు చదివి వినిపిస్తాను" అని మాత్రమే చెప్తా. చెప్పినాక, ఆ పిల్ల ఉండుంటే ఇంకొంచిం గట్టిగా చెప్పేది గదా అనిపించి, నాకు నేనే నవ్వుకుంటా రాయడం మొదలు పెడతా.