నూకరత్నమ్మ గారి జబ్బుల చాటింపు

మా నూకరత్నమ్మ గారి కడుపులో రహస్యం నిలవదు. అందులోనూ తన ఒంటి రహస్యమైతే సంతంతా తెలియాల్సిందే. ముంచింగిపుట్టు ఆస్పత్రిలో ఆవిడ పెద్ద నర్సు. 1998లో నేను ఆవిడ కింద చేరిన వారానికే ఆవిడ గజ్జి గురించి నాకూ, పసుపు కొమ్ములు అమ్మేవాళ్ళకీ ఒకేసారి తెలిసింది.

"కాస్త మెల్లగా చెప్పండమ్మా," అన్నాను.

"ఏటి మెల్లగా? జబ్బేటైనా దొంగసొత్తా?"

ఆ రోజుల్లోనే దేముడమ్మ అనే కొండ ఊరి కోడలు వరసగా మూడు వారాలు సంతనాడు ఆస్పత్రికి వచ్చింది. మొదటిసారి తలనొప్పంది, తర్వాత మోకాలంది, మూడోసారి ఏమీ అనలేదు. బల్ల మీద ఆడవాళ్ళ పక్కన కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

నూకరత్నమ్మ గారు ఆమెను ఒక్క క్షణం చూసి, నా వైపు తిరిగి గొంతెత్తారు.

"స్వర్ణా, నాకు తెల్లబట్ట అయ్యి, సేప వాసనేసింది కదా? డాక్టరమ్మ లోపల పెట్టుకునే మాత్రలిచ్చినాది. మింగేవి కాదు. రోజూ పడుకునే ముందు ఒకటి, ఏడు రోజులు. నాలుగోనాటికే వాసన పోయినా, ఏడూ పెట్టీసినాను."

వరసలో ఉన్న మగాళ్ళందరికీ ఉన్నట్టుండి సంతలో పని గుర్తొచ్చింది. నేను సిగ్గుతో రిజిస్టర్లో తల దూర్చాను.

దేముడమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. "ఈయమ్మకొచ్చిందే నాకూ వచ్చినాది. సబ్బెట్టి లోపల కడిగినా పోలేదు. అత్త నన్ను పొయ్యి ముట్టనివ్వడం లేదు. తగ్గకపోతే కన్నోరింటికి పంపేత్తామంటన్నారు."

డాక్టరమ్మ లోపలి గదిలో పరీక్ష చేసి మాత్రలిచ్చింది. ఇది తప్పు చేస్తే వచ్చే జబ్బు కాదనీ, సబ్బుతో కడిగితే ఇంకా ముదురుతుందనీ చెప్పింది. రెండు సంతల తర్వాత దేముడమ్మ వచ్చి బల్ల మధ్యలో కూర్చుంది. వెంట అత్త కూడా ఉంది. పొద్దున్నే కోడలు వండిన అంబలి తాగి వచ్చిందట.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "మీకు ఆ జబ్బు ఎప్పుడొచ్చిందమ్మా? మన రిజిస్టర్లో లేదే?"

"నాకెప్పుడొచ్చిందే గుంటా?" అన్నారావిడ, నాకు మాత్రమే వినబడేలా. "ఎవులో ఒకలు ముందు సెప్తే గానీ ఆ పిల్ల నోరిప్పదు."

2007లో రిటైరయ్యేదాకా ఆ నోట ఒక్క రోగి పేరు బయటికి రాలేదు. ఊరు మాత్రం ఆవిణ్ణి రోగాలపుట్ట అంది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకెప్పుడూ గర్వమే.

ఇప్పుడు పెద్ద నర్సుని నేను. పోయిన సంతనాడు నాకు తెల్లబట్ట అవుతోందని ఆస్పత్రి అదిరేలా చెప్పాను. బల్ల మీంచి ఇద్దరు లేచి నా దగ్గరికి వచ్చారు.