మామ నడుము మీద నా మడమ

విరుదునగర్‌లో మందూ మాత్రా లేకుండా చేతులతోనే వెన్నుపూసలు సరిచేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయనే మా మామ నడుము విరిచాడని మా అత్తగారి ఊళ్లో నేటికీ చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. ఆ ఘనకార్యం నాది. మామకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు కాబట్టి, ధైర్యంగా తెలుగులోనే ఒప్పుకుంటున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. మామకు కయత్తారు పక్కన నల్లరేగడి చేను ఉంది. తొలివానకు ఇంటి పెద్ద వంగి మొదటి పిడికెడు విత్తనం చల్లడం వాళ్ల ఆనవాయితీ. ఆ ఏడు సరిగ్గా మబ్బులు పట్టే వేళకు మిరపకాయల మూట ఎత్తబోయి మామ నడుము పట్టేసింది.

నేనే విరుదునగర్ తీసుకెళ్లాను. డాక్టరు ఆయన్ను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, వీణ శ్రుతి చేస్తున్నట్టు అక్కడా ఇక్కడా తడిమి, ఒక్క నొక్కు నొక్కాడు. టక్కుమంది. మామ లేచి నిటారుగా నడిచాడు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నాడు డాక్టరు. అంతవరకు నడుము జోలికి ఎవరూ పోవద్దన్నాడు. ఆ ‘ఎవరూ’లో నేనూ ఉన్నానని నాకు తట్టలేదు.

మూడోనాడు ఆకాశం నల్లబడింది. వంగితే మామకు ఇంకా నొప్పే. కాళ్లు ముందుగా బయటపడి పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మావాళ్ల నమ్మకం.

“మనోళ్లలో ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు ఎవురన్నా ఉండారా?” అన్నాడు మామ.

ఆరు నెలలుగా ఆ ఇంట్లో, ఇంకొంచెం చారు పోయనా అని తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. “నేనే మామా,” అన్నాను.

“నిజంగానా మాప్పిళ్ళ?” అన్నాడు మామ, అల్లుణ్ణి అరవంలో పిలుస్తూ.

“ఆమా మామా. మా అమ్మ చెప్తానే ఉంటాది.”

మా అమ్మ అలాంటిదేమీ చెప్పలేదు. మామ నేలమీద బోర్లా పడుకున్నాడు. మెల్లగా మూడుసార్లు కాలు తాకిస్తే చాలట. కానీ నేను ఆ టక్కును చెవులారా విన్నవాణ్ణి. చప్పుడు రాని వైద్యం ఏం వైద్యం? నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరిగెత్తుకొచ్చి తొక్కాను.

టక్కుమంది. అత్తగారు చేతులెత్తి దండం పెట్టింది. నలుగురూ పట్టి లేపితే, మామ మడతకుర్చీలా సగానికి వంగే లేచాడు. నేనైతే అసలు లేవలేదు. ఆ చప్పుడు నా చీలమండది.

ఇద్దరినీ ఒకే వ్యానులో విరుదునగర్ చేర్చారు. డాక్టరు మామ చొక్కా పైకెత్తాడు. ఐదు వేళ్లతో సహా నా పాదం అచ్చు. దాన్ని చూశాడు, నా కాలు చూశాడు. “రెండో డాక్టరు మీరేనా?” అని అరవంలో మర్యాదగా అడిగాడు.

అక్కడినుంచే మా అమ్మకు ఫోను వెళ్లింది. “వాడా? తలే ముందు వచ్చె,” అంది అమ్మ. “మళ్లా దాన్ని వాడింది నేను చూడలా.”

వాన మామ కోసం ఆగలేదు. మొదటి పిడికెడు అత్తగారు చల్లింది. మామ గట్టుమీద నులకమంచంలో బోర్లా పడుకుని చూశాడు. ఏమైందని దారినపోయేవాళ్లు అడిగితే, “విరుదునగర్ డాక్టరు విరిచినాడు,” అన్నాడు.

“ఆయన నయం చేసినాడే మామా,” అని గొణిగాను.

“అల్లుడు తన్నినాడని ఊర్లో ఎట్ల చెప్పుకొనేది? డాక్టరంటే కొంచెం మర్యాదగా ఉండాది. నోరు మూసుకో.”

మూసుకున్నాను. నెలలోగా మామను మళ్లీ నిటారుగా నిలబెట్టింది ఆ డాక్టరే. అయినా మా పల్లెలనుంచి ఒక్క నడుమూ ఆయన గడప తొక్కలేదు. అందుకు క్షమించమని ఆయన్ను అడుగుతూ, సర్వదేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ మనిషి వీపుమీదా కాలు మోపను. ఎలా పుట్టావని ఎవరైనా అడిగితే, అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి, గుర్తులేదు అని చెబుతాను.