గాలి తీసిన విందు

చిత్తూరులో ఎల్లప్ప ఇంటి విందుకు వెళ్లినవాళ్లు కడుపు నిండా తిని, గొంతు తడిసీ తడవకుండా తాగి, నడిచి ఇంటికి పోయేవాళ్లు. బండి మీద వచ్చినా అంతే. వాళ్లు తింటూ ఉండగానే ఎల్లప్ప బయటికి పోయి ప్రతి బండికీ ఒక చక్రంలో గాలి తీసేసేవాడు. మరునాడు పొద్దున ఎవరి బండికి వాళ్లు వస్తే, తాను లారీ తోలిన కాలం నాటి పంపుతో తానే గాలి కొట్టి, కాఫీ ఇచ్చి పంపేవాడు.

ఆయన పిసినారి కాదు. మామిడికాయల లారీ మద్రాసుకు తోలినన్నాళ్లూ, ఎవరింట్లోనో తాగి రోడ్డు పక్కన పడినవాళ్లను ఎత్తి ఆస్పత్రిలో దించడం ఆయన వంతే అయింది. వాళ్లకు మందు పోసినవాడు ఒక్కనాడూ ఆస్పత్రికి రాలేదు. అది ఆయనకు కడుపులో మంట. అందుకే తన ఇంట్లో తానే పోసేవాడు, తాను మాత్రం తాగేవాడు కాదు. ముందు రాగి సంగటి ముద్ద, తర్వాతే గ్లాసు.

పంతొమ్మిది వందల ఎనభైలో గంగజాతరకు పొట్టేలును కోసి చుట్టాలను పిలిచాడు. తొలి కాన్పుకు వచ్చిన కూతురు భారతమ్మ లోపలే ఉంది. ఎల్లప్ప గాలి తీయడానికి బయలుదేరితే భార్య మునిరత్నమ్మ అడ్డుపడింది.

"బిడ్డకు నొప్పులొస్తే బండి యాడ తెస్తావు?"

"ఇంకా పదైదు దినాలుండాదని డాక్టరమ్మ చెప్పింది గదా" అని, ఆయన ఆమె అన్న దొరస్వామి కారుకు కూడా ఒక చక్రం నేలకు దించి వచ్చాడు.

దొరస్వామికి బెల్లం మండీ ఉంది. ఆయన మాట కాదనేవాళ్లు ఊళ్లో లేరు. రెండు గ్లాసులయ్యాక మళ్లీ చెయ్యి చాపాడు.

"అయిపోయింది బావా" అన్నాడు ఎల్లప్ప.

"సీసాలో సగం కనపడతా ఉండాదే!"

"సీసాలో ఉండాది. నీకు అయిపోయింది."

దొరస్వామి విస్తరి ముందు నుంచి లేచాడు. "ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు" అని కారు దగ్గరికి పోయి, చక్రం చూసి, దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి భారతమ్మ కేక వినిపించింది.

వాకిట్లో ఉన్న బండ్లన్నీ ఎల్లప్ప పడుకోబెట్టినవే. పంపు తెచ్చాడు గానీ కంగారులో దాని గొట్టాన్ని టైరుకు తగిలించలేకపోయాడు. దొరస్వామి దాన్ని లాక్కొని, పోటు పోటుకూ ఒక తిట్టు తిడుతూ కొట్టాడు. తిట్లు అయిపోయేసరికి టైరు నిండింది. ఆయన డ్రైవరు సీటు వైపు నడిచాడు.

"వెనక కూర్చో బావా. నువ్వు తాగినావు, నేను తోల్తా."

దొరస్వామి ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, తాళాలు ఇచ్చి వెనక కూర్చున్నాడు.

ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. "ఇంకొంచెం ఆలస్యమైతే తల్లి దక్కేది కాదు" అని డాక్టరమ్మ అన్న మాట ఎల్లప్ప గుండెల్లో దిగబడిపోయింది. ఆ రోజు నుంచి మునిరత్నమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం పెట్టేది.

మనవరాలికి పేరు పెట్టిన నాడు ఎల్లప్ప సీసా కొన్నాడు గానీ, ఈసారి బండ్ల గాలి తీయకూడదనుకున్నాడు. వాకిట్లో తల వంచుకొని నిలబడ్డాడు. కారు వచ్చి ఆగింది. దొరస్వామి దిగి, తాళాలు ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదో, ఇవి నీ దగ్గరుండనీ. గాలి జోలికి మాత్రం పోవద్దు. సాయంత్రం నువ్వే నన్ను ఇంటికాడ దించు."

వెనకే వచ్చిన చుట్టాలు కూడా ఒక్కొక్కరే తమ తాళాలు తెచ్చి ఇచ్చారు. ఎల్లప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గడపలో నిలబడి ఇదంతా చూసిన మునిరత్నమ్మ నేరుగా ఆయనతోనే అంది:

"ముద్దలు సల్లారిపోతాండాయి. అందర్నీ లోపలికి పిల్సుకొని రా."