ఎవరూ చనిపోని ఊరికి

ఒక ఊళ్లో అయిదేళ్లుగా ఒక్కరూ చనిపోలేదని నా లెక్క తేల్చింది. అలాంటి చోటికి ఒకసారి వెళ్లి రావడం మంచిదనిపించి, పొద్దున ఆరుంపావుకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాను. ఊరూరి మరణాల రేటు అంచనా వేయడం నా ఉద్యోగం. రేటు సున్నా ఉన్న ఊళ్లకు వారం వారం వెళ్లే వైద్యం బండి ఆపెయ్యొచ్చా అని పైవాళ్లు అడిగారు. సోమవారంలోగా జవాబివ్వాలి.

పక్క సీటులో కారేపల్లి రైతు. సంగతి విని నా వైపు తిరిగాడు.

"ఆడ ఇండ్లు కిరాయికి దొరుకుతయా సార్? మా మామను దింపొస్త."

"మామగారంటే అంత ప్రేమా?"

"ప్రేమేంది సార్. ఆయన పోతే నాకు బామ్మర్దులతోని భూమి పంచాయితీ."

తొమ్మిదిన్నరకు భద్రాచలం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. చట్నీ గురించి చెప్పడానికేమీ లేదు. అడవి వైపు షేర్ ఆటో నిండేసరికి పదిన్నర, ఊరు చేరేసరికి పదకొండున్నర.

ఆశా కార్యకర్త ముత్తమ్మ తన నోటుపుస్తకం తెరిచింది. ఈ అయిదేళ్లలో పోయినవాళ్లవి ఏడు పేర్లు.

"ఆరుగురిని భద్రాచలం దవాఖానాకు తీస్కపోయినం సార్. ఆడనే పోయిన్రు. కాగితం గూడ ఆడనే ఇచ్చిన్రు."

చావు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. అందుకే నా పట్టికలో భద్రాచలం రేటు భయంకరంగా ఉంది. అక్కడి నీళ్లు పరీక్షించాలని కూడా రాశాను. చిన్న ఊళ్లో అంకెలు తక్కువ కాబట్టి మా సూత్రం చుట్టుపక్కల ఊళ్లను చూసి రేటును సర్దుతుంది. ఆ ఊళ్ల రోగులూ అదే దవాఖానాకు వెళ్లారు. సున్నా పక్క సున్నాను చూసి ధైర్యం తెచ్చుకుంది.

"మరి ఏడో మనిషి?"

"మా అన్న బిడ్డ. తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. వాగు పొంగింది, ఇంట్లనే పోయింది. మా పంచాయతీల అడిగితే అత్తగారి ఊర్ల రాపియ్యమన్నరు. ఆడికి పోతే, ఈడ చావలే గదా అన్నరు."

"అయితే ఆమెను ఏ ఊరికి వేయాలమ్మా?" నిజంగానే తెలియక అడిగాను.

"నన్నడుగుతరేంది సార్, చదువుకున్నది మీరు." పుస్తకం మూసింది. "బండి రావట్టినంక కాన్పుల గట్ల ఎవ్వరు పోలే. ఇప్పుడు బందు చేస్తరట గదా?"

ఇంకా రాయలేదన్నాను.

మూడున్నరకు ఆటో, అయిదింటికి బస్సు. ఫోన్లో ఫారం తెరిచి, రేటు గడిలో 'తెలియదు' అని రాస్తే తీసుకోలేదు, అంకె అడిగింది. పాల్వంచ దాటేదాకా ఆలోచించి ఏడుగురినీ ఆ ఊరికే వేశాను. దానివల్ల ఆరుగురు జిల్లా లెక్కలో రెండుసార్లు చనిపోయారు. సవరించే గడి లేదు.

ఖమ్మంలో దిగేటప్పటికి ఆ ఊరి మరణాల రేటు గురించి నాకు పొద్దుటికన్నా తక్కువ తెలుసు. సున్నా మాత్రం కాదు. బండి ఆపాలంటే పైవాళ్లు ఇంకో కారణం వెతుక్కోవాలి.