నాన్న కాలు, లారీ ఇంజను

షుగరు వల్ల ఎడమకాలు తిమ్మిరెక్కి, ఆ వానాకాలమంతా నాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయనతో పాటు ఆయన పాత లారీ కూడా, దీవిలో మేముండే బతు బస్తీలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలిచిపోయింది. టెంట్‌హౌస్ కుర్చీలు, పందిరి రాటలు, ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసి మా అందరినీ పెంచిన బండి అది. వానలు తగ్గాక, ఇక నడపొచ్చని డాక్టరు చెప్పాడు. నాన్న మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడో లేదో, లారీ దారిలో ఆగిపోవడం మొదలైంది.

రోజూ ఆగితే తప్పు పట్టుకోవడం తేలిక. ఇది ఒకరోజు సముద్రపు ఒడ్డునున్న వండూరు దాకా వెళ్లి చక్కగా తిరిగొచ్చేది. ఇంకోరోజు ఎత్తు ఎక్కుతూ దగ్గి, గుటకలు మింగి, ఊపిరి వదిలేసేది. కాసేపయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది.

మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న రాంచీ మెకానిక్ ఫిల్టర్లు మార్చాడు, డీజిల్ పైపులు ఊది చూశాడు, పంపు విప్పి మళ్లీ బిగించాడు. తానే తోలి చూశాడు. ఆగలేదు. తమ్ముడు ఊళ్లో చిన్న ట్రిప్పులు వేశాడు. అప్పుడూ ఆగలేదు. నాన్న చేతిలోనే ఆగేది.

ఒకరోజు తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, గాడీలో ఖరాబీ ఏటీ లేదు. నాన్నకి క్లచ్ మీద కాలు ఆడతా లేదు. ఆయనకి ఎవరు చెప్తారు?"

ఎవరమూ చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలిసిపోయింది. అన్నం తింటూ తింటూ తన ఎడమకాలి వేళ్లు కదిపి చూసుకునేవాడు. అమ్మ అది చూసి తల తిప్పుకునేది. చివరికి ఆమే నాతో అంది: "నువ్వొకసారి పక్కన కూకోని సూడమ్మా. కాలే అయితే, నేనే చెప్పీసి మానిపిస్తాను."

డెలానీపూర్‌లో నా ఆఫీసుకి సెలవు పెట్టి, వండూరు వైపు ఒక పెళ్లికి కుర్చీలు తీసుకెళ్తున్న నాన్నతో బయల్దేరాను. పొద్దున్నే ట్యాంకు నిండా డీజిల్ పోయించాడు. ఊరు దాటాం.

"నా కాలు సూడ్డానికే వొచ్చినావు కదా?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

అబద్ధం ఆడలేకపోయాను. "అవును నాన్నా."

"సూడు. బాగా సూడు. తిమ్మిరికి కాలు ఎక్కడుందో నాకే తెలస్తా లేదు."

 ఇక ఆయన ఎడమకాలి మీంచి నేను కళ్లు తియ్యలేదు. గేరు మార్చేటప్పుడు క్లచ్ మీదికి వెళ్లేది, నిండుగా తొక్కేది, తిరిగి వచ్చి కింద రేకు మీద ఆనేది. ఒక పెద్ద ఎత్తు సగం ఎక్కామో లేదో, ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఎడమకాలు రేకు మీదే ఉంది. కుడికాలు యాక్సిలరేటరు మీద గట్టిగా ఉంది. బండి ఆగిపోయింది.

"నీ కాలు కదల్లేదు నాన్నా! నేను చూశాను. రెండు కాళ్లూ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి."

హ్యాండ్‌బ్రేకు లాగి నా వైపు తిరిగాడు. "నిజిమేనా? నా మీద జాలితో అంతన్నావా?"

"అమ్మ మీద ఒట్టు."

ఆయన కాసేపు స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. నేను దిగి చక్రం వెనక రాయి పెట్టాను. డీజిల్ ముల్లు పాడై ఏళ్లయింది కాబట్టి, బండి ఆగినప్పుడల్లా ఆయన ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టి చూసేవాడు. ఈసారి ట్యాంకు నా వైపే ఉందని నేనే మూత తిప్పాను. బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పేసరికి బుస్సుమంది.

"ఎండకి అలాగే అంతాది," అన్నాడు నాన్న దిగి వస్తూ.

కానీ గాలి బయటికి రాలేదు. నా చున్నీ కొస మూత సందులోకి లాక్కున్నట్టు వెళ్లింది. ట్యాంకు బయటి గాలిని లోపలికి పీల్చుకుంది. నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు, అందుకే మెకానిక్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"దీదీ, ఢక్కన్ ఢీలా రఖ్‌కే చలావో," అన్నాడు.

మూత వదులుగా పెట్టి, చుట్టూ గుడ్డ చుట్టి బయల్దేరాం. మిగతా ఎత్తు ఎక్కాం, ఇంకో ఎత్తు కూడా ఎక్కాం. ఇంజను దగ్గలేదు. అప్పుడు నాన్న బండి పక్కకి ఆపి, తానే దిగి మూత గట్టిగా బిగించాడు.

"ఇప్పుడు ఆగాలి," అన్నాడు.

ఆగాలి, ఆగాలి అనుకుంటూ ఇద్దరం ముందుకు వంగి కూర్చున్నాం. కొంత దూరం పోయాక లారీ దగ్గింది, గుటకలు మింగింది, ఆగిపోయింది. నాన్న డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టి గట్టిగా నవ్వాడు. వెనక ఒక బస్సు హారన్ మోగిస్తున్నా ఆయనకు పట్టలేదు.

మూత తిరగేసి చూస్తే, గాలి వెళ్లే చిన్న బెజ్జం నిండా ఎండిన మట్టి. వానాకాలంలో లారీ కదలకుండా పడున్నప్పుడు కందిరీగ అందులో గూడు కట్టుకుంది. ఇంజను డీజిల్ లాక్కుంటుంటే దాని స్థానంలోకి గాలి వెళ్లే దారి లేదు. నిండు ట్యాంకులో గాలి కొంచెమే ఉంటుంది, అందుకే ట్యాంకు నింపి దూరం వెళ్లినప్పుడే ఇంజనుకి డీజిల్ అందేది కాదు. నాన్న మూత తీసి పుల్ల పెట్టగానే అంతా సర్దుకునేది. తమ్ముడు కొంచెం డీజిల్‌తో ఊళ్లోనే తిరిగాడు. మెకానిక్ ప్రతిసారీ ముందు మూత తీసి చూసే బండెక్కేవాడు. నాన్న మంచాన పడ్డ రోజుల్లోనే ఆ బెజ్జమూ మూసుకుపోవడంతో మేమంతా కాలిని అనుమానించాం. పిన్నీసుతో మట్టి గీకేశాను.

అక్కణ్ణించే అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, కాలు కాదు. కందిరీగ."

ఏ కందిరీగ అని కూడా అడగలేదు. "స్తోత్రం తండ్రీ," అంది.  

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో పాటలయ్యాక, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని పాస్టరు గారు అడిగారు. ఎన్నడూ లేవని నాన్న లేచాడు. అందరూ తిరిగి చూశారు. ఆయన చొక్కా సర్దుకుని, "నా కాలు బాగుంది. నా బండీ బాగుంది," అన్నాడు. ఇంకేదో చెప్తాడని జనం ఎదురుచూశారు. ఆయన మాత్రం కూర్చున్నాడు.