కుడివైపే తిప్పే అక్క

బోధన్‌లో మా పక్కింటి అక్క బీడీలు చుట్టేది. తీరిక దొరికితే ఫోన్‌లో అంకెల ఆట ఆడేది. తొమ్మిది గళ్లలో అంకెలు చెదిరి ఉంటాయి. పక్కపక్కనున్న నాలుగేసి గళ్లను గుండ్రంగా తిప్పుతూ వాటిని వరుసలోకి తేవాలి. ఎడమకు ఒక్కసారి తిప్పితే సరిపోయే చోట కూడా ఆమె కుడికే మూడుసార్లు తిప్పేది.

“రెండు తిప్పులు దండుగ గద అక్కా!” అనేదాన్ని.

“నలభై ఏండ్లు ఆకును గిటే చుట్టిన. చెయ్యి గటు పోదే, లెక్కల పంతులమ్మా!” అని నవ్వేది.

అక్కకు పక్షవాతం వచ్చిన తొమ్మిదో రోజు నిజామాబాద్ ఆసుపత్రికి వెళ్లి ఆమెను చూశాను. కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా లేదు. వేలు కాస్త కదిలినా ఆశ ఉందని డాక్టరు చెప్పాడట. నేను ఆ ఆట తెరిచి, ఫోన్‌ను ఆమె కుడిచేతి వేలి కింద పెట్టాను.

“తిప్పు అక్కా. ఎన్నిసార్లన్న తిప్పు. నేనింక లెక్కవెట్ట.”

ఆమె తన వేలినే చూస్తూ ఉంది. వేలు కదల్లేదు. కాసేపటికి ఫోన్ వెలుగు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి పెట్టాను. మళ్లీ ఆరిపోయింది.

సాయంత్రం లోపల ఇరవై ఆరుసార్లు వెలిగించాను.