ముందు ఒడ్డెక్కినదాన్ని

కొడకండ్ల దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు కలుపు తీయడం రాదు. మొగుళ్లపల్లిలో మా నాయినది కిరాణా కొట్టు. కొడవలి పట్టిన చేయి కాదు నాది. మిరప చేనులో ఆడవాళ్లందరం వరుసగా కూర్చుని, ఎవరి మునుం వాళ్లు, అంటే ఎవరి వంతు సాళ్లు వాళ్లు, అవతలి ఒడ్డు దాకా తీసుకుంటూ పోవాలి. అందరూ ఒడ్డెక్కేసరికి నేను సగంలో ఉండేదాన్ని.

ఒకరోజు ఒక అక్క ఒడ్డు దిగి, నా మునుంలోనే ఎదురుగా కలుపు తీసుకుంటూ వచ్చింది. వెనకబడ్డవాళ్లకు అట్లా ఎదురు రావడం అక్కడి అలవాటట. నాకేం తెలుసు? పరువు పోయిందనుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

"నువ్వేం రావద్దక్కా. నాకు చేతులు లేవా?" అన్నాను.

"అబ్బో, గింత కోపమా! సరే తియ్యి, ఒక్కదానివే తియ్యి" అని ఆమె లేచిపోయింది. మిగతావాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు మీద పంతం పట్టాను. రోజూ పొద్దున్నే మా చెలకకు పోయి, ఫోన్‌లో టైం పెట్టుకుని సాలు తర్వాత సాలు తీసేదాన్ని. కుడిచెయ్యి తవ్వుతుంటే ఎడమచెయ్యి ఏరెయ్యాలి, మిరప వేరు కదలకూడదు. మణికట్లు వాచి అన్నం కలుపుకోలేని రోజులున్నాయి.

మూడో ఏడు అందరికంటే ముందు ఒడ్డెక్కాను. శభాష్ అంటారేమోనని నిలబడ్డాను. "గాలిమోటరు పోయిందే" అని ఎవరో నన్ను విమానంతో పోల్చారు, అంతే. వాళ్ల ముచ్చట్లు, పాటలు అన్నీ వెనక చేనులోనే ఉన్నాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒడ్డు మీద నేనూ, నా నీళ్ల సీసా. దిగి వాళ్లకు ఎదురు పోదామని ఎంతగా ఉండేదో! ఏ మొహం పెట్టుకుని పోను?

మొన్నటి వానకాలం జ్వరమొచ్చి తగ్గాక మోకాళ్లు పట్టేశాయి. చేనులో నేనూ, పక్క మునుంలో ఒక ముసలవ్వా మిగిలాం. ఒడ్డు మీది నుంచి ఆ అక్కే లేచింది. చీర ఎగదోపుకుని దిగి, మా ఇద్దరి మునుముల మధ్య ఆగి నా వైపు చూసింది. "జర రా అక్కా" అంటే చాలు, వచ్చేదే. మాట నోటిదాకా వచ్చింది. తల వంచుకుని కొడవలి ఇంకా వేగంగా ఆడించాను.

ఆమె అవ్వ మునుంలో కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ మధ్యలో కలుసుకుని, లేచి సద్దిమూటలు విప్పుకోవడానికి పోయారు. నా సాలు ఇంకా సగం ఉంది. ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం ఆగలేదు.